మచ్చ కనబడక ముందు



ఈ పొద్దున చేలోకి దిగి వచ్చినవాళ్లు ఒక్కసారి మీ పంచె అంచు చూసుకోండి. అమ్మలూ, మీరు చీర కుచ్చెళ్లు చూసుకోండి. తడిశాయా? ఎంతవరకు తడిశాయి? చీలమండ దాకానా, మోకాలి దాకానా? మీరు ఇంటికి బయల్దేరేసరికి టైమెంతయింది? అప్పటికి ఆకు మీద మంచు ఆరిందా, ఇంకా ఉందా?

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ తడి గురించే. దాని పక్కనే ఇంకో మాట కూడా చెప్తాను. కంప్యూటరు పంట తెగులును ముందుగా పసిగడుతుందని మీరు వినే ఉంటారు. మెషిన్ లెర్నింగ్ అంటున్నారు దాన్ని. యంత్రానికి నేర్పడం అన్నమాట. అది ఎలా నేర్చుకుంటుంది? ఎవరి దగ్గర నేర్చుకుంటుంది? అది పంపిన కబురు మన ఫోనుకొస్తే మనం ఏం చేయాలి? ఈ మూడు ప్రశ్నలే ఈ పూట మన సంగతి.

ఒక్క పంటే తీసుకుందాం, వరి. ఒక్క తెగులే తీసుకుందాం, అగ్గి తెగులు.

మా నాన్న డెల్టాలో మూడెకరాల రైతు. దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్లొదిలిన ఏడు, సంక్రాంతి ముందు రోజుల్లో, తెల్లారక ముందే గట్టు మీదికి వెళ్లేవాడు. వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. పంచె అంచు పిండుకుంటూ, "ఇంకో నాలుగు రోజులు ఇట్టాగే మంచు పడితే అగ్గి తగులుద్దిరా" అనేవాడు. చాలాసార్లు వారం పది రోజులకు అలాగే తగిలేది. నాకు అప్పట్లో అదో మహిమలా ఉండేది. నాన్న తప్పిన ఏళ్లు కూడా ఉన్నాయి. మంచు పడింది, తెగులు రాలేదు. ఆ ఏళ్లు ఇంట్లో ఎవరికీ గుర్తులేవు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. దీనితో తర్వాత పనుంది.

సరే, అగ్గి తెగులు ఆకు మీద ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. నూలు కండె ఆకారంలో మచ్చ. రెండు కొసలూ సన్నగా, నడుమ లావుగా. అంచు గోధుమ రంగు, మధ్యలో బూడిద రంగు. మచ్చలు కలిసిపోతే చేను మంట తగిలినట్టు మాడిపోతుంది. అదే తెగులు వెన్ను మెడకు తగిలితే మెడ విరుపు. వెన్ను విరిగి వేలాడుతుంది. గింజ తాలైపోతుంది.

అయితే ఆ మచ్చ మీ కంటబడేసరికి తెగులు వయసెంతో ఆలోచించారా? ఇవాళ కనబడిన మచ్చ ఇవాళ పుట్టింది కాదండీ. నాలుగైదు రోజుల కిందటో, వారం కిందటో ఒక రాత్రి పుట్టింది. ఆ రాత్రి ఏం జరిగిందో చెప్తాను, వినండి.

ఈ తెగులుకు కారణం ఒక బూజు జాతి శిలీంధ్రం. దాని బీజం కంటికి ఆనదు. గాల్లో కొట్టుకొచ్చి ఆకు మీద వాలుతుంది. ఆకు తడిగా ఉంటే మొలకెత్తుతుంది. మొలకెత్తి, చివర ఒక చిన్న గుమ్మటం లాంటి బుడిపె కడుతుంది. ఆ బుడిపె లోపల ఒత్తిడి పెంచుకుంటుంది. ఎంత ఒత్తిడి? కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి దాదాపు 40 రెట్లు. ఆ ఒత్తిడితో, మేకు దిగ్గొట్టినట్టు, ఆకు పైపొరను చీల్చుకుని లోపలికి దిగుతుంది. అంత చిన్న జీవికి అంత బలం. నేను మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఈ పనంతా జరగడానికి ఆకు గంటల తరబడి తడిగా ఉండాలి. మధ్యలో ఆరిపోతే చాలా బీజాలు పని సగంలో ఆపి చచ్చిపోతాయి. తెల్లారి ఎనిమిదికి ఆరే ఆకు వేరు, పదిన్నర దాకా ఆరని ఆకు వేరు. ఆ రెండు మూడు గంటల తేడాలోనే మీ బస్తాల లెక్క మారిపోతుంది.

లోపలికి దిగాక కొన్ని రోజులు ఏమీ కనబడదు. చేను పచ్చగానే ఉంటుంది. మనం గట్టు మీద నిలబడి, బాగుంది అనుకుంటాం. ఆ తర్వాత మచ్చ తేలుతుంది. తేలిన ఒక్కో మచ్చ, రోజుకు 2000 నుంచి 6000 దాకా కొత్త బీజాలను వదలగలదు. అలా 14 రోజుల దాకా వదులుతూనే ఉంటుంది. అవి మళ్లీ గాల్లోకి, మళ్లీ తడి ఆకు మీదికి.

అందుకే కంటితో చూసి మందు కొట్టడమంటే, దొంగ పడి వెళ్లిపోయిన వారానికి తలుపు గడియ పెట్టడమే. కన్ను చాలదు. మచ్చ తేలక ముందే, ఆ మొదటి తడి రాత్రే మనకు తెలియాలి.

ఎలా తెలుస్తుంది? దీనికి వంటింట్లోకి వెళ్దాం.

పాలు తోడు పెట్టడం మీకు తెలుసు. ఎండాకాలం సాయంత్రం తోడు పెడితే రాత్రి భోజనానికల్లా పెరుగు. అదే ఇప్పుడు, ఈ చలిలో పెట్టి చూడండి. తెల్లారినా నీళ్లు నీళ్లుగానే ఉంటుంది. గిన్నెకు గుడ్డ చుట్టి పొయ్యి దగ్గర పెడతారు అమ్మలు. పోనీ అని మసిలే పాలలో తోడు వేస్తే? తోడు చచ్చిపోతుంది. అంటే పెరుగు కావాలంటే తోడు ఉండాలి. తగిన వెచ్చదనం ఉండాలి. తగినంత సేపు కదపకుండా ఉంచాలి. వెచ్చదనం తగ్గితే సేపు పెరగాలి.

తెగులూ అంతే. బీజం తోడు. రాత్రి చలి, వెచ్చదనం పొయ్యి. ఆకు తడిగా ఉన్న గంటలు ఆ సేపు. తోడుకుంటుందా లేదా అన్నది ఎక్కువగా ఈ లెక్క మీదే ఉంది.

ఈ లెక్క కొత్తదేమీ కాదు. 1940లలో అమెరికాలో డబ్ల్యూ. డి. మిల్స్ అనే శాస్త్రవేత్త ఆపిల్ తోటలకు ఒక పట్టిక తయారు చేశాడు. ఆకు ఎన్ని గంటలు తడిగా ఉంది, అప్పుడు ఎంత వెచ్చగా ఉంది. ఈ రెండే అందులో ఉన్నాయి. హాయిగా ఉండే వెచ్చదనంలో 9 గంటల తడి చాలు, ఆపిల్‌కు మచ్చ తెగులు తగలడానికి. గడ్డకట్టే చలికి దగ్గరలో ఉంటే ఒక రోజుకు పైగా తడి కావాలి. మన పెరుగు లెక్కే. తోటల రైతులు ఏళ్ల తరబడి ఆ పట్టిక చూసుకునే మందు కొట్టారు.

మన వరికీ ఒక పాత సూత్రం ఉంది. రాత్రి ఉష్ణోగ్రత 20 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండి, గాలిలో తేమ 90 శాతం దాటి, అలా వారం రోజులు సాగితే అగ్గి తెగులుకు అదను. అది కూడా పైరు నారుమడిలో ఉన్నప్పుడో, పిలకలు వేస్తున్నప్పుడో, వెన్ను బయటికొస్తున్నప్పుడో అయితే మరీ ప్రమాదం. మళ్లీ చెప్తాను. 20 నుంచి 26 డిగ్రీల రాత్రులు. 90 శాతం తేమ. వారం రోజులు. నారు, పిలకలు, వెన్ను.

మంచి సూత్రం. మరి ఇది ఉండగా యంత్రమెందుకు?

ఎందుకంటే చేను సూత్రాన్ని దాటిపోతుంది. సాంబ మసూరి వేసిన మడికి ఈ తెగులు తేలిగ్గా తగులుతుంది. పక్క మడిలో తెలంగాణ సోనా ఉంటే, అదే మంచును అది చాలావరకు తట్టుకుంటుంది. యూరియా రెండు బస్తాలు ఎక్కువ పడిన చోట ఆకు మెత్తగా, గుబురుగా పెరుగుతుంది. గుబురులో గాలాడదు. గాలాడని చోట తడి ఆరదు. లోతట్టు మడి వేరు, మెరక వేరు. చెట్ల నీడ పడే మూల వేరు. మబ్బు పట్టిన రోజు వేరు. జల్లు పడిన రోజు వేరు. ఇవన్నీ ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఒక్క వాక్యం సూత్రంలో ఇవన్నీ ఇమడవు.

ఇక్కడే యంత్రం అవసరం వస్తుంది. అది ఎలా నేర్చుకుంటుందో చెప్పడానికి నాకు గాజులమ్మే ఆవిడ కంటే మంచి గురువు దొరకలేదు.

మా ఊరికి పండగల ముందు గాజుల బుట్టతో ఒకావిడ వచ్చేది. అరుగు మీద కూర్చుని, ఆడపిల్ల చెయ్యి పట్టుకుని ఒక్కసారి మెత్తగా నొక్కేది. వెంటనే బుట్టలోంచి ఒక మలారం తీసేది. ఆ సైజు గాజే సరిపోయేది. టేపు లేదు, కొలత లేదు. చెయ్యి చూడగానే ఎలా తెలిసింది? వేల చేతులు చూసింది కాబట్టి. చూడటమొక్కటే చాలదు. చూసిన ప్రతిసారీ గాజు తొడిగింది. బిగుతైతే బిగుతైందని తెలిసింది. జారితే జారిందని తెలిసింది. పగిలితే పగిలిందని తెలిసింది. ప్రతి గాజూ ఆమెకు ఒప్పో తప్పో చెప్పింది. అలా పాతికేళ్లు చెప్పాక, సూత్రం ఏమిటని అడిగితే ఆమె చెప్పలేదు. సైజు మాత్రం చెప్పేస్తుంది.

మెషిన్ లెర్నింగ్ అంటే ఇదే. దానికి సూత్రం ముందుగా ఎవరూ చెప్పరు. వందల వారాల వాతావరణం చూపిస్తారు. ఇదిగో ఈ వారం రాత్రి చలి ఇంత, తేమ ఇంత, వాన ఇంత. ఆ తర్వాత చేలో తెగులు ఇంత. ఇంకో వారం. ఇంకో వారం. ప్రతిసారీ అది ఊహిస్తుంది. అసలు జరిగినదాంతో పోల్చి దాని ఊహను సరిదిద్దుతారు. ఊహించడం, సరిదిద్దుకోవడం. ఊహించడం, సరిదిద్దుకోవడం. ఇలా వేలసార్లు. చివరికి కొత్త వారం వాతావరణం చూపిస్తే, తెగులు ఎంత రావచ్చో చెప్తుంది.

ఇందులో వాతావరణం చెయ్యి. తెగులు ఎంత వచ్చిందన్న మాట గాజు. చెయ్యి ఒక్కటీ చూపించి గాజు తొడగకపోతే, గాజులావిడ నూరేళ్లకైనా నేర్చుకోదు.

ఇది మన దేశంలోనే చేసి చూశారు. హిమాచల్ ప్రదేశ్‌లో ఐదు చోట్ల, 2000 నుంచి 2004 దాకా ఐదేళ్ల పాటు, అగ్గి తెగులు ఎంత వచ్చిందో నమోదు చేశారు. వాతావరణంలో ఆరు సంగతులు తీసుకున్నారు. పగటి వేడి, రాత్రి చలి, తేమ ఎంత పెరిగింది, ఎంత తగ్గింది, వాన ఎంత, వారంలో ఎన్ని వాన రోజులు. చండీగఢ్‌లో పనిచేసిన గజేంద్ర పాల్ సింగ్ రాఘవ, ఆయన సహచరులు ఈ వివరాలతో యంత్రానికి నేర్పారు. ఫలితాలు 2006లో ప్రచురించారు.

అందులో నాకు నచ్చిన సంగతి వాళ్లు పెట్టిన పరీక్ష. నాలుగేళ్లు చూపించి, ఐదో ఏడు దాచిపెట్టారు. ఆ దాచిన ఏడు తెగులు ఎంతో చెప్పమన్నారు. తర్వాత నాలుగు ఊళ్లు చూపించి, ఐదో ఊరు దాచారు. పిల్లవాడు నిరుటి ప్రశ్నపత్రం బట్టీ పట్టి, అదే పత్రం ఇస్తే నూటికి నూరు తెచ్చుకోవడం గొప్పా చెప్పండి? కొత్త పత్రం ఇచ్చి చూడాలి. వాళ్లు కొత్త పత్రమే ఇచ్చారు.

ఫలితమేమిటి? అంచనా, అసలు తెగులు రెండూ అడుగులో అడుగేసి నడిస్తే 1 మార్కు అనుకోండి. ఏ సంబంధమూ లేకపోతే సున్నా. దాచిన ఏడు విషయంలో, పాతకాలపు గణాంకాల పద్ధతికి 0.50 వచ్చింది. యంత్రం నేర్చుకున్న పద్ధతుల్లో అన్నిటికన్నా మెరుగైనదానికి 0.77 వచ్చింది. దాచిన ఊరు విషయంలో అదే పద్ధతికి 0.74. సగం మార్కుల నుంచి ముప్పాతిక దాకా వచ్చిందన్నమాట. నూటికి నూరు మాత్రం రాలేదు. ఆ మిగిలిన పాతిక మార్కుల సంగతి మనం ఎప్పుడూ మరవకూడదు.

ఇంకో సంగతి. ఆ యంత్రం కొండ ప్రాంతపు చేతులకు అలవాటుపడిన గాజులావిడ. ఆవిడను తెచ్చి నెల్లూరులోనో, నిజామాబాద్‌లోనో కూర్చోబెడితే గాజులు పగులుతాయి. మన రాత్రులు వేరు, మన రకాలు వేరు, మన నాట్ల తేదీలు వేరు. అందుకే మన జిల్లాల చేలతోనే దానికి నేర్పాలి. ఇంకెక్కడో నేర్చుకుని వచ్చిన జోస్యాన్ని తెలుగు రైతు మీద రుద్దడం తప్పని నా గట్టి నమ్మకం.

మన దగ్గర ఇలాంటి పని మొదలు కాలేదా అంటే, అయింది. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుశనగ రైతులతో ఒక ప్రయత్నం చేశాయి. అది తెగులు గురించి కాదు, విత్తే అదను గురించి. ఇప్పుడే విత్తకండి, ఆగండి, ఈ వారం విత్తండి అని మామూలు ఫోనుకు తెలుగులో సందేశం పంపారు. దిగుబడి 30 శాతం పెరిగిందని ఆ సంస్థలు ప్రకటించాయి. పెద్ద ఫోను అక్కర్లేకుండా, బటన్ల ఫోనుకే కబురు అందడం నాకు అందులో ముఖ్యంగా తోచింది. ఇక 2024 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం తెగుళ్లు, పురుగుల మీద నిఘాకు జాతీయ వ్యవస్థ ఒకటి ప్రారంభించింది. మొక్క ఫోటో పంపితే ఏ పురుగో ఏ తెగులో గుర్తుపట్టి సలహా చెప్పడం అందులో భాగం.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఫోటో తీసి పంపితే చెప్పేది గుర్తింపు. ఒళ్లు కాలుతున్నప్పుడు థర్మామీటరు పెట్టడం లాంటిది. అదీ కావాలి. కానీ దానికి మచ్చ కనబడాలి. మచ్చ కనబడటమంటే ఏమిటో ఇందాకే చెప్పుకున్నాం. మచ్చ లేకుండానే, రేపటి వారం ముప్పు ఉందని చెప్పడం సూచన. రెండూ ఒకటేనని అనుకోవద్దు.

మరి మన వరికి, మన ఊరికి అలాంటి మంచి సూచన కావాలంటే ఏమేం ఉండాలి? వాతావరణం కావాలి. అది కొంతవరకు ఉంది. తెలంగాణలో తమంతట తామే వివరాలు పంపే వాతావరణ కేంద్రాలు వెయ్యికి పైగా పెట్టారు. కానీ ఆ కేంద్రం మండలంలో ఎక్కడో ఆరుబయట ఉంటుంది. మీ చేను గుబురులో, మోకాలెత్తున, తెల్లవారుజాము నాలుగింటికి ఎంత తడి ఉందో దానికి సూటిగా తెలియదు. లెక్కగట్టి ఊహించాల్సిందే. అందుకే మీ పంచె అంచు తడి గురించి నేను మొదట్లో అడిగాను. అది నిజంగా విలువైన వివరం.

అంతకంటే పెద్ద లోటు ఇంకోటి ఉంది. గాజు లేదు. అంటే, ఏ చేలో, ఏ రకంలో, ఏ తేదీన మొదటి మచ్చ కనబడిందో రాసిపెట్టిన పుస్తకం లేదు. వాన ఎప్పుడు పడిందో యాభై ఏళ్ల లెక్క దొరుకుతుంది. మీ ఊళ్లో అగ్గి తెగులు నిరుడు ఏ తేదీన మొదలైందో చెప్పగలరా? "సంక్రాంతి అయ్యాక" అంటారు. సంక్రాంతి అయ్యాక నాలుగో రోజా, పద్నాలుగో రోజా? ఆ పది రోజుల తేడాలో యంత్రం దారి తప్పుతుంది.

మా నాన్న తప్పిన ఏళ్ల సంగతి తర్వాత చెప్తానన్నాను కదా. తెగులు వచ్చిన ఏడు అందరికీ గుర్తుంటుంది. మంచు బాగా పడి కూడా తెగులు రాని ఏడు ఎవరికీ గుర్తుండదు, ఎవరూ రాయరు. కానీ యంత్రానికి ఆ ఏడే ముఖ్యం. సరిపోయిన గాజులే చూపించి, సరిపోని గాజులు దాచేస్తే ఆవిడ ఏం నేర్చుకుంటుంది? ప్రతి చేతికీ ఒకే గాజు తీస్తుంది. మంచు పడిన ప్రతిసారీ తెగులు, తెగులు అని అరుస్తుంది. కాబట్టి మచ్చ లేని రోజు కూడా రాయాలి. "చూశాను, లేదు" అని రాయాలి. ఈ ఒక్క మాట మీరు ఇవాళ గుర్తుపెట్టుకుంటే చాలు నాకు. చూశాను, లేదు.

సరే, రేపో ఎల్లుండో మీ ఫోనుకు కబురు వచ్చిందనుకోండి. "రాబోయే ఐదు రోజుల్లో అగ్గి తెగులు ముప్పు 70 శాతం." అంటే ఏమిటి? మీ చేలో 70 పాళ్లు పోతుందని కాదు. ఇలాంటి వాతావరణం 10 సార్లు వస్తే, దాదాపు 7 సార్లు తెగులు కనబడిందని. మూడుసార్లు కనబడలేదని కూడా.

పొలం కాడ కావలి కుక్క ఉంటుంది చూడండి. ఆకు కదిలినా మొరిగే కుక్కను రెండు రాత్రులకే పట్టించుకోవడం మానేస్తాం. ఎలుగు వచ్చినా మొరగని కుక్క దండగ. నడిమి కుక్క కావాలి. సూచన చెప్పేవాళ్లు ఆ నడిమి చోటు వెతుకుతూ ఉంటారు. కుక్క మొరిగిందని మనం వెంటనే కర్ర విసరం. ముందు లాంతరు పట్టుకుని వెళ్లి చూస్తాం. ఇదీ అంతే. కబురు రాగానే డబ్బా భుజానికెత్తుకోకండి. ముందు చేలోకి వెళ్లండి.

గట్టు మీద నుంచి చూస్తే తెలియదు. లోపలికి దిగాలి. ఐదు చోట్ల ఆగాలి. లోతట్టు మూల, నీడ పడే మూల, యూరియా ఎక్కువ పడిందనుకున్న చోటు తప్పకుండా చూడాలి. వంగి ఆకులు విడదీసి చూడాలి. మీరు ఒక్కరే వెళ్లనక్కర్లేదు. కలుపు తీసే అక్కలను అడగండి. రోజంతా ఆకుకు జానెడు దూరంలో మొహం పెట్టి పనిచేసేది వాళ్లు. మొదటి మచ్చను చూసేది చాలాసార్లు వాళ్లే. వాళ్లను అడిగేవాళ్లే లేరు. ఈ దేశంలో తెగులు వివరాలు రాసే ఏ పుస్తకంలోనైనా మొదటి వరసలో ఉండాల్సింది వాళ్ల మాట.

చూశారు, మచ్చ లేదు. లేదా ఒకటీ అరా ఉంది. అప్పుడు ఖర్చు లేని పనులు చేయండి. వేయబోయే యూరియా ఆపండి. ముప్పు వారంలో యూరియా అంటే మంటలో కిరసనాయిలే. మడి ఆరిపోకుండా నీళ్లు నిలపండి. నీళ్లు లేక వాడిన పైరుకు ఈ తెగులు ఎక్కువ తగులుతుంది. గట్ల మీద గడ్డి శుభ్రం చేయండి. మళ్లీ రెండు రోజులకు చూడండి. మచ్చలు పెరుగుతుంటే అప్పుడు మందు. ఏ మందు, ఎంత మోతాదు అన్నది మీ వ్యవసాయ అధికారిని అడిగి తెలుసుకోండి.

ఒక్క సందర్భంలో మాత్రం వేరే మాట చెప్తాను. పైరు పొట్ట దాటి వెన్ను తొంగిచూస్తోంది. అంతకు ముందు ఆకు మీద మచ్చలు మీరు చూసి ఉన్నారు. ఇప్పుడు ముప్పు ఎక్కువగా ఉందని కబురు వచ్చింది. ఇక్కడ మెడ మీద మచ్చ కోసం ఎదురుచూడకండి. మెడ విరిగాక ఏ మందూ అతికించలేదు. ముందుజాగ్రత్తగా అప్పుడే మందు కొట్టాలి. సూచన విలువంతా ఆ నాలుగైదు రోజుల్లోనే ఉంది. మళ్లీ చెప్తున్నాను. పిలకల దశలో కబురొస్తే ముందు చూడండి. వెన్ను తీసే దశలో, ముందే మచ్చలున్న చేలో కబురొస్తే ఆగకండి.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. కబురు ఎవరు పంపారో చూడండి. నాకు తెలిసిన రైతు ఒకాయనకు ఒక సీజన్‌లో వరసగా సందేశాలు వచ్చాయి. ప్రతి దాంట్లో ముప్పు, ప్రతి దాని కింద ఒకే మందు పేరు. చివరి సందేశం వచ్చేనాటికి ఆయన కోత కోసి, ధాన్యం కళ్లంలో ఉంది. మందు అమ్మేవాళ్లే తెగులు జోస్యం కూడా చెప్పడం నాకు సమ్మతం కాదు. ఆ పని విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ వాతావరణ శాఖ, రైతుల సంఘాలు చేయాలి. చేసిన సూచనల్లో ఎన్ని నిజమయ్యాయో, ఎన్ని తప్పాయో సీజను చివర ఊరందరికీ చెప్పాలి. అది అడిగే హక్కు మీకుంది. అడగండి.

అలాగే కౌలు రైతు. భూమి రికార్డులో పేరు లేదు కాబట్టి చాలాచోట్ల ఫోను నంబరు కూడా లిస్టులో ఉండదు. కబురు పట్నంలో ఉన్న యజమానికి వెళ్తుంది. చేను మాత్రం కౌలుదారు చేతిలో ఉంటుంది. అధికారులు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే, దయచేసి చేను ఎవరు చేస్తున్నారో వాళ్ల నంబరు రాసుకోండి. యజమానికి వెళ్లిన హెచ్చరిక ఏ ఆకునూ కాపాడదు.

ఇక చివరిగా, ఇవాళ సాయంత్రమే మొదలుపెట్టగల పని ఒకటుంది. పిల్లల పాత నోటు పుస్తకం ఒకటి తీసుకోండి. దాన్ని తలుపు పక్కన మేకుకు వేలాడదీయండి. పెన్సిలు కట్టండి. మొదటి పేజీలో విత్తనం రకం, నాటిన తేదీ రాయండి. ఇక చేలోకి వెళ్లొచ్చిన రోజల్లా ఒక్క వరస. తేదీ. మంచు ఎన్నింటికి ఆరింది. మచ్చ ఉందా, లేదా. యూరియా వేసిన రోజు, మందు కొట్టిన రోజు ఆ మాట. అంతే. చదువు రాకపోతే మనవరాలిచేత రాయించండి. మచ్చ లేకపోతే ఏం రాయాలి? చూశాను, లేదు.

ఊళ్లో పదిమంది రాస్తే, సీజను చివర ఆ పుస్తకాలు ఏపీలో అయితే రైతు సేవా కేంద్రానికి, తెలంగాణలో అయితే రైతు వేదికలో ఉండే వ్యవసాయ విస్తరణ అధికారికి (ఏఈఓ) చూపించండి. దగ్గరలోని పరిశోధనా కేంద్రానికి పంపమని అడగండి. పుస్తకం ఇవ్వకండి, నకలు ఇవ్వండి. పుస్తకం మీది. దానిలో ఉన్నది మీ కష్టం.

ఈలోగా, వాతావరణ శాఖ ప్రతి మంగళవారం, శుక్రవారం విడుదల చేసే వ్యవసాయ సలహాలు వింటూ ఉండండి. అనుమానం వస్తే కిసాన్ కాల్ సెంటరుకు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు. డబ్బు పడదు. ఉదయం 6 గంటల నుంచి రాత్రి 10 గంటల దాకా ఉంటారు. నంబరు రాసుకోండి. 1800-180-1551. పెన్సిలు వెతుక్కుంటున్నవాళ్ల కోసం ఇంకోసారి, నెమ్మదిగా. 1800. 180. 1551. ఆ నోటు పుస్తకం అట్ట మీదే రాసుకోండి.